పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్‌: ఎక్కువ మందిని రప్పించడానికి ఏ మార్గం ఎంచుకోవాలి?

ఆస్ట్రేలియా 2006 నుంచి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష కిట్లను ఉచితంగా ఇళ్లకే పంపుతోంది. అందుకున్న ప్రతి పది మందిలో మలం నమూనా తీసి తిరిగి పంపేది నలుగురే, కాస్త అటూ ఇటూగా. నెదర్లాండ్స్ 2014లో ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టింది. అక్కడ ఏడుగురి దాకా పంపుతున్నారు. జబ్బు ఒకటే, పరీక్ష ఒకే రకం, రెండుచోట్లా ఉచితమే, రెండుచోట్లా పోస్టులోనే ఇంటికొస్తుంది. అయినా ఇంత తేడా ఉందంటే, పరీక్షను అందుబాటులో పెట్టడంతో పని పూర్తయినట్టు కాదన్నమాట.

స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లకు ముందుగానే చేసే పరీక్ష) కార్యక్రమం నడిపే ఆరోగ్య అధికారులు, క్లినిక్ డాక్టర్లు, నర్సులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, ఇంట్లో అమ్మానాన్నలను ఒప్పించలేక సతమతమయ్యే పిల్లలు... వీళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఉత్తరాలు రాయాలా, ఫోన్లు చేయాలా, ప్రచారం చేయాలా, బహుమతులు ఇవ్వాలా? చేతిలో ఉన్న డబ్బు, మనుషులు అన్నింటికీ సరిపోరు. అందుకే ఈ పోలిక.

ఈ శ్రమ ఎందుకో ముందు రెండు మాటల్లో చెప్పాలి. 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, 9 లక్షలకు పైగా మంది చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. ఇంతమందిని బలి తీసుకునే ఈ జబ్బు ఎదగడానికి మాత్రం చాలాకాలం తీసుకుంటుంది. పేగు లోపలి గోడ మీద పుట్టే చిన్న పిలక (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ లోపు పిలకను తీసేస్తే ఆ క్యాన్సర్ రానే రాదు. పేగు దాటకముందే దొరికితే పదిలో తొమ్మిది మంది ఐదేళ్లకు మించి బతుకుతారు. ఇతర అవయవాలకు పాకాక దొరికితే ఆ సంఖ్య ఇద్దరికి మించదు.

## రానివాళ్లందరూ ఒకటి కాదు

ఏ మార్గం మేలో చూసే ముందు, పరీక్షకు రానిది ఎవరో తెలియాలి. నా లెక్కలో వాళ్లు మూడు రకాలు.

మొదటివాళ్లు వాయిదా వేసేవాళ్లు. పరీక్ష మంచిదేనని ఒప్పుకుంటారు. కిట్ అల్మారాలో పెడతారు. "వచ్చే వారం చూద్దాం" అంటారు. గట్టిగా కాదనే వాళ్లకంటే వీళ్లే ఎక్కువ.

రెండోవాళ్లు వెనకాడేవాళ్లు. "నాకేం లక్షణాలు లేవుగా", "ఏదైనా ఉందని తేలితే తట్టుకోలేను", "మలం నమూనా అంటేనే ఏదోలా ఉంటుంది" అంటారు. వీళ్ల మాటల వెనక భయం, సిగ్గు, అసహ్యం ఉంటాయి. ఒక్కోసారి ఆసుపత్రుల్లో ఎదురైన చేదు అనుభవమూ ఉంటుంది.

మూడోవాళ్లకు దారే ఉండదు. ఉత్తరం వచ్చిన భాష చదవలేరు, సెలవు దొరకదు, తోడు వచ్చేవాళ్లుండరు, చిరునామా మారిపోయి ఉంటుంది, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఖర్చు భరించలేరు.

వాయిదా వేసేవాళ్లకు సమాచారం ఇంకాస్త ఇచ్చి లాభం లేదు, అది వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. దారి లేనివాళ్లకు నాలుగు ఉత్తరాలు రాసినా దారి ఏర్పడదు. ప్రచారాలకు పోసిన డబ్బులో చాలా భాగం ఈ తేడా గమనించకపోవడం వల్లే వృథా అవుతోందని నా గట్టి నమ్మకం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

- ఎవరిని కదిలిస్తుంది: ఎలాగూ వచ్చేవాళ్లను కాస్త ముందుగా రప్పిస్తుందా, ఎన్నడూ రానివాళ్లను రప్పిస్తుందా?
- ఎంత పెంచుతుంది: పరిశోధనలో నిజంగా తేలిందా, వినడానికి బాగుందా?
- ఒక్కొక్కరికి ఎంత శ్రమ: ఉత్తరంలో ఒక వాక్యం చేర్చడమూ, నర్సు అరగంట మాట్లాడటమూ ఒకటి కావు.
- అంతరాన్ని తగ్గిస్తుందా: చదువుకున్నవాళ్లే ఇంకా ఎక్కువగా వచ్చి, వెనకబడినవాళ్లు అక్కడే ఉండిపోతే సగటు పెరిగినా న్యాయం జరగదు.
- తర్వాతి మెట్టు సిద్ధంగా ఉందా: మల పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లకు కొలనోస్కోపీ సకాలంలో దొరుకుతుందా?

చివరిదాన్ని చాలామంది ఆఖరున ఆలోచిస్తారు. అది మొదట తేలాలి.

## అన్నిటికంటే ముందు: ఏ పరీక్ష ఇస్తున్నారు?

ఎంతమంది వస్తారన్నది పిలుపు కంటే ముందే, మీరు ఎంచుకున్న పరీక్ష దగ్గరే సగం తేలిపోతుంది.

ఫిట్ పరీక్ష. మలంలో కంటికి కనిపించనంత రక్తాన్ని పట్టుకుంటుంది. చిన్న పుల్లతో నమూనా తీసి సీసాలో పెట్టి పంపితే చాలు. ఇంట్లోనే అయిపోతుంది. మలంలో రక్తాన్నే వెతికే పాత గ్వాయాక్ పరీక్షలో చాలాచోట్ల మూడు వేర్వేరు మలవిసర్జనల నుంచి నమూనాలు తీయాలి, కొన్నిచోట్ల ఆహార నియమాలూ పాటించాలి. ఫిట్‌లో ఆ బాదరబందీ లేదు, ఎక్కువ కార్యక్రమాల్లో ఒక్క నమూనా చాలు. ఇంగ్లండ్‌లో 2014లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. పాత పరీక్షకు 59.3 శాతం స్పందిస్తే, ఫిట్‌కు 66.4 శాతం స్పందించారు. అంతకుముందు పిలిచినా రానివాళ్లలో అయితే 12.5 శాతం కాస్తా 23.9 శాతమైంది. ఏ ప్రచారమూ లేకుండా, నమూనా తీయడం తేలిక చేసినందుకే ఎన్నడూ రానివాళ్లు దాదాపు రెట్టింపు మంది వచ్చారు. ఈ వ్యాసంలో ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే.

కొలనోస్కోపీ. పేగునంతా నేరుగా చూస్తుంది, పిలక కనబడితే అక్కడికక్కడే తీసేస్తుంది, అంతా బాగుంటే పదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదు. కానీ ముందురోజు పేగు శుభ్రం కావడానికి మందు తాగాలి, ఒక రోజు పని మానుకోవాలి, చాలాచోట్ల తోడు మనిషి ఉండాలి. అరుదుగానైనా రక్తస్రావం, పేగుకు చిల్లు పడటం వంటి ప్రమాదాలున్నాయి. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో జరిగి 2022లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, నేరుగా కొలనోస్కోపీకి పిలిస్తే వచ్చింది 42 శాతమే. ఎంత పదునైన పరీక్ష అయినా చేయించుకోనివాళ్లను కాపాడలేదు. స్పెయిన్‌లో సాగిన సుదీర్ఘ అధ్యయనం కూడా ఇదే చెప్పింది. 2025లో వచ్చిన దాని పదేళ్ల ఫలితాల ప్రకారం, ఈ క్యాన్సర్ మరణాలను ఆపడంలో ఫిట్‌కు పిలవడం కొలనోస్కోపీకి పిలవడం కంటే తీసిపోలేదు. పదునులో ఫిట్‌కున్న లోటును, దానికి ఎక్కువ మంది రావడమే పూడ్చింది.

రక్త పరీక్ష. 2024 జులైలో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఒక రక్త పరీక్షను ప్రాథమిక స్క్రీనింగ్‌కు ఆమోదించింది. మలం ముట్టుకోనవసరం లేదు కాబట్టి వెనకాడేవాళ్లకు ఇది ఆకర్షణీయమే. అధ్యయనంలో 83 శాతం క్యాన్సర్లను పట్టుకుంది. క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువున్న పిలకల్లో మాత్రం 13 శాతాన్నే గుర్తించగలిగింది. క్యాన్సర్‌ను రాకముందే ఆపడం మీ లక్ష్యమైతే దీన్ని మొదటి వరసలో పెట్టకూడదు. మిగతా రెండింటికీ ససేమిరా అన్నవాళ్లకు మాత్రం ఏమీ లేనిదానికంటే ఇది నయం.

కొలనోస్కోపీ, మల పరీక్ష రెండూ ముందుపెట్టి ఎంచుకోమంటే? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పని చేసి చూశారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, కొలనోస్కోపీ ఒక్కటే సిఫారసు చేస్తే 38 శాతం పూర్తి చేశారు, మల పరీక్ష ఒక్కటే అయితే 67 శాతం, ఎంపిక ఇస్తే 69 శాతం. ఇక్కడితో ఆగితే మల పరీక్ష గెలిచినట్టే. అదే బృందం మూడేళ్ల పాటు గమనిస్తే, మల పరీక్షను ఏటా క్రమం తప్పకుండా చేసినవాళ్లు 14 శాతానికి పడిపోయారు. కాబట్టి ఫిట్ ఎంచుకునేవాళ్లు మరుసటి విడతలకూ పిలిచే ఏర్పాటు చేసుకుని తీరాలి. ఒక్కసారి చేసి వదిలేస్తే దానివల్ల ఒరిగేది కొంచెమే.

## పిలిచే మార్గాలు

### ఉత్తరం, గడువు, గుర్తుచేయడం

అతి చవకైనది ఇదే. కిట్‌కు ముందు "త్వరలో మీకు ఒకటి రాబోతోంది" అని చిన్న ఉత్తరం పంపితే స్పందన కొన్ని శాతం పెరుగుతుందని ఆస్ట్రేలియా, స్కాట్లండ్ రెండుచోట్లా తేలింది. 2025లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో 40,000 మందిని తీసుకుని, కొందరి ఉత్తరాల్లో "రెండు వారాల్లోగా పంపండి" అనే గడువు చేర్చారు. 66 శాతం 68 అయింది. రెండే కదా అనిపించవచ్చు. దేశమంతటా పంపే ఉత్తరాల్లో ఒక్క వాక్యానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా, దానికి వచ్చే రెండు శాతం అంటే వేల మంది. అదే అధ్యయనంలో కొందరికి, ఎప్పుడు ఎలా చేస్తారో ప్రణాళిక రాసుకునే కాగితం కూడా ఇచ్చారు. దానివల్ల ఏమీ పెరగలేదు.

మొబైల్ మెసేజ్‌ల సంగతి కాస్త భిన్నం. లండన్‌లో గుర్తుచేస్తూ మెసేజ్ పంపితే మొత్తమ్మీద తేడా రాలేదు. మొదటిసారి పిలుపు అందుకున్నవాళ్లలో మాత్రం 34.9 శాతం 40.5 అయింది. అంటే ఇప్పటికే పలుమార్లు పక్కన పెట్టేసినవాళ్లకు మరో మెసేజ్ పెట్టి ఫలితం లేదు. కొత్తగా ఆ వయసుకు వచ్చినవాళ్లకు పెట్టాలి.

ఇవన్నీ వాయిదా వేసేవాళ్లకు పనికొస్తాయి. వెనకాడేవాళ్లను అంతగా కదిలించవు.

### కరపత్రాలు, అనుభవ కథనాలు

చెప్పడానికి బాధగానే ఉంది, ఎందుకంటే అందరం మొదట చేసే పని ఇదే. ఇంగ్లండ్‌లో జరిపి 2016లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో నాలుగు ప్రయత్నాలు చేశారు: తేలిక మాటల్లో సారాంశం, చేయించుకున్నవాళ్ల అనుభవ కథనాలు, ఉత్తరంలో కుటుంబ డాక్టర్ మద్దతు ప్రకటన, మరింత స్పష్టంగా గుర్తుచేసే రెండో ఉత్తరం. సారాంశం, కథనాల కరపత్రాలు ఏ తేడా తేలేదు. మిగతా రెండూ కొద్దిగా పెంచాయి. రెండో ఉత్తరం పేద ప్రాంతాల అంతరాన్ని కూడా కాస్త తగ్గించింది.

కరపత్రాలు అసలు వద్దని కాదు. పరీక్షతో వచ్చే లాభం, నష్టం, తప్పుడు పాజిటివ్‌ల (జబ్బు లేకున్నా ఉండొచ్చని చూపే ఫలితాల) సంగతి తెలుసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది, అందుకు కరపత్రం కావాలి. జనాన్ని రప్పించే బాధ్యత మాత్రం దాని మీద పెట్టకండి.

### డాక్టర్ మాట

ఉత్తరంలో డాక్టర్ పేరు కనిపిస్తే కొద్దిపాటి ఫలితమే. ఎదురుగా కూర్చున్న డాక్టర్ "ఇది మీరు చేయించుకుంటే బాగుంటుంది" అన్నమాటకు ఉండే బరువు వేరు. ఆ మాటతోపాటు కిట్‌ను కూడా చేతిలో పెడితే ఇంకా మంచిది. ఆస్ట్రేలియాలో 2022 నుంచి డాక్టర్లే నేరుగా కిట్ అందించే వీలు కల్పించారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో సంగతి గమనించారు. ఏటా ఫ్లూ టీకాకు వచ్చేవాళ్లకు అదే సమయంలో నర్సు మల పరీక్ష కిట్ కూడా ఇచ్చేది. పరీక్ష పూర్తయి ఉన్నవాళ్లు సుమారు 54 శాతం నుంచి 84 శాతానికి చేరారు. టీకా మాత్రమే ఇచ్చిన రోజుల్లో వచ్చినవాళ్లలో పెరిగింది నాలుగు శాతం పైచిలుకే. ప్రత్యేకంగా ఒక్క సందర్శన కూడా అదనంగా అక్కర్లేదు. చిన్న క్లినిక్‌కు ఇంతకంటే మంచి మార్గం నాకు కనిపించలేదు. షుగర్, బీపీ చెకప్‌కు వచ్చేవాళ్లకూ ఇదే పద్ధతి అమలు చేయవచ్చు.

ఒకటే లోపం. అసలు క్లినిక్ గడప తొక్కనివాళ్లకు ఇది అందదు.

### ఫోన్ చేసే మనిషి, వెంట నడిచే నర్సు

ఖరీదైనది ఇదే, లోతుగా పనిచేసేదీ ఇదే. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం 2000ల మొదట్లో ఇలాంటి కార్యక్రమం చేపట్టింది. పరీక్షకు రావలసినవాళ్లను వెతికి పట్టుకుని, తేదీ ఇప్పించి, తయారీ వివరించి, ఫలితం దాకా వెంట ఉండే నర్సులను నియమించింది. బీమా లేనివాళ్లకు స్క్రీనింగ్ ఖర్చు, క్యాన్సర్ తేలితే చికిత్స ఖర్చు కూడా భరించింది. 2009 నాటికి నల్లజాతీయుల్లో పరీక్ష చేయించుకున్నవాళ్లు 48 శాతం నుంచి 74 శాతానికి పెరిగారు. తెల్లవాళ్లకూ వాళ్లకూ మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది.

ఎందుకు పనిచేస్తుంది? ఉత్తరం అడగలేని ప్రశ్న మనిషి అడగగలదు: "మీకు అడ్డొస్తున్నది ఏమిటి?" ఒకరికి తోడు కావాలి, ఇంకొకరికి తమ భాషలో చెప్పేవాళ్లు కావాలి. మరొకరికి తండ్రి ఇదే జబ్బుతో పోయిన భయం. ఆ మాట వినకుండా ఇంకో కిట్ పంపితే ఏమొస్తుంది?

ఖర్చు ఎక్కువ కాబట్టి ఇది అందరి మీదా ప్రయోగించకూడదు. ఉత్తరం, కిట్, గుర్తుచేయడం అయ్యాక కూడా మిగిలిపోయినవాళ్లకు దాచుకోవాలి.

### ప్రముఖులు, పెద్ద ప్రచారాలు

అమెరికా టీవీ యాంకర్ కేటీ కూరిక్ భర్త 1998లో ఈ జబ్బుతో చనిపోయారు. 2000లో ఆమె తన కొలనోస్కోపీని టీవీలో చూపించారు. తర్వాత కొన్ని నెలల పాటు దేశంలో కొలనోస్కోపీలు స్పష్టంగా పెరిగాయి. బ్రిటన్‌లో డెబోరా జేమ్స్ తన క్యాన్సర్ గురించి దాపరికం లేకుండా మాట్లాడి, 2022లో చనిపోయేవరకు ప్రచారం చేశారు. మలం గురించి మాట్లాడటం సిగ్గుపడాల్సిన సంగతి కాదని లక్షల మందికి అనిపించేలా చేయడం మామూలు విషయం కాదు. వెనకాడేవాళ్ల సిగ్గును కరిగించే శక్తి దీనికుంది.

ఆ వేడి నెలల్లో చల్లారిపోతుంది. అందుకే, అదే సమయంలో కిట్ చేతికందే ఏర్పాటు లేకుండా ప్రచారం మొదలుపెట్టకండి.

### డబ్బు, బహుమతులు

కిట్ పంపాక ఐదు, పది డాలర్ల ప్రోత్సాహకం ఇస్తామంటే టెక్సస్‌లో స్పందన పెరగలేదు. ఆ డబ్బును ఫోన్ చేసే మనిషి జీతానికి, ప్రయాణ ఖర్చులకు వాడటం మేలు.

## ఒక్క చూపులో

| మార్గం | ఎవరికి పనికొస్తుంది | ఖర్చు, శ్రమ | లోపం |
|---|---|---|---|
| తేలికైన పరీక్ష (ఫిట్) | ముగ్గురికీ, ముఖ్యంగా ఎన్నడూ రానివాళ్లకు | మధ్యస్థం | మళ్లీ మళ్లీ చేయాలి |
| ముందస్తు ఉత్తరం, గడువు | వాయిదా వేసేవాళ్లకు | అతి తక్కువ | పెరుగుదల కొద్దిగానే |
| మెసేజ్ | మొదటిసారి పిలుపు అందినవాళ్లకు | అతి తక్కువ | పాతవాళ్లు పట్టించుకోరు |
| క్లినిక్‌లో చేతికి కిట్ | వాయిదా వేసేవాళ్లకు, కొంత వెనకాడేవాళ్లకు | తక్కువ | క్లినిక్‌కు రానివాళ్లకు అందదు |
| వెంట నడిచే నర్సు | దారి లేనివాళ్లకు, వెనకాడేవాళ్లకు | ఎక్కువ | అందరికీ సరిపడదు |
| ప్రముఖుల ప్రచారం | వెనకాడేవాళ్లకు | ఎక్కువ | కొన్ని నెలలే |
| చిన్న బహుమతి | తేలలేదు | మధ్యస్థం | డబ్బు వృథా కావచ్చు |

## మీరు ఎవరైతే ఏది?

పెద్ద కార్యక్రమం నడిపేవాళ్లు ఫిట్ కిట్‌ను పోస్టులో పంపడంతో మొదలుపెట్టాలి. ముందస్తు ఉత్తరం, గడువు, రెండో ఉత్తరం జోడించి, చివర్లో మిగిలినవాళ్లకే ఫోన్లు. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య బీమా, వైద్య సంస్థ ఇలా ఇళ్లకు కిట్లు పంపడాన్ని ఏళ్ల తరబడి, కొలనోస్కోపీతో కలిపి, వదలకుండా చేసింది. 2000లో 38.9 శాతం ఉన్న స్క్రీనింగ్ 2015కు 82.7 శాతానికి చేరింది. వాళ్ల సభ్యుల్లో ఈ క్యాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అందులో ఒక్కటీ కొత్త ఉపాయం కాదు. ఏటా ఆపకుండా చేశారు, అంతే.

చిన్న క్లినిక్ అయితే ఉత్తరాల వ్యవస్థ కోసం ఎదురుచూడక్కర్లేదు. వేరే పనికి వచ్చినవాళ్ల చేతికి కిట్ ఇవ్వండి, ఎలా తీయాలో ఒక నిమిషం చూపించండి, వారం తర్వాత ఒక ఫోన్ చేయండి.

స్వచ్ఛంద సంస్థలు కరపత్రాలు అచ్చేయించడం తగ్గించి, ఆ వర్గం భాష మాట్లాడే ఇద్దరు ముగ్గురికి శిక్షణ ఇప్పించడం మంచిది.

ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు అంకెలు పనిచేయవు. "నాకేం లేదుగా" అంటే, ఏమీ లేనివాళ్లకే ఈ పరీక్ష అని చెప్పండి. పిలకలు నొప్పి పెట్టవు, చాలాసార్లు ఏ సూచనా ఇవ్వవు. "ఏదో ఉందని తేలితే?" అంటే, పాజిటివ్ వచ్చిన ఎక్కువ మందికి క్యాన్సర్ ఉండదని చెప్పండి. రక్తం మొలల వల్లో, పిలక వల్లో కూడా రావచ్చు. సిగ్గుపడేవాళ్లకైతే ఆ పని తలుపు వేసుకుని ఒంటరిగా అయిపోతుందని చెప్పాలి. అన్నీ విన్నాక కూడా వద్దంటే, ఆ నిర్ణయం వాళ్లదే.

ఒక హెచ్చరిక: మలంలో రక్తం కనిపించడం, మలవిసర్జన తీరు వారాల తరబడి మారిపోవడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉన్నవాళ్లు స్క్రీనింగ్ పిలుపు కోసం ఆగకూడదు. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దగ్గరి రక్తసంబంధీకులకు చిన్న వయసులో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, స్క్రీనింగ్ ఎప్పుడు, ఏ పరీక్షతో మొదలుపెట్టాలో కూడా డాక్టర్‌నే అడగాలి.

## కిట్ తిరిగొచ్చాక

ఎంతమంది కిట్ తిరిగి పంపారన్న అంకెతో సంబరపడి ఆగిపోయే కార్యక్రమాలున్నాయి. ఫిట్ పాజిటివ్ వచ్చినా కొలనోస్కోపీ చేయించుకోకపోతే ఏమవుతుందో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో లెక్కగట్టారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, పదేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్లలో వెయ్యికి 6.8 మంది, చేయించుకోనివాళ్లలో వెయ్యికి 16 మంది.

కాబట్టి ఫోన్ చేసే మనిషి ఒక్కరే దొరికితే, ఆ ఒక్కరినీ కిట్ పంపనివాళ్ల కోసం కాకుండా, పాజిటివ్ వచ్చి ఆగిపోయినవాళ్ల కోసం కేటాయించండి. కొలనోస్కోపీ కోసం నెలల తరబడి వేచి ఉండాల్సిన పరిస్థితి ఉంటే, పిలుపులను విడతలుగా పంపండి. వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టి, ఖాళీ దొరికేకొద్దీ కిందికి రండి. మీ రిజిస్టరులో నాలుగు గడులు ఉండాలి: పిలుపు పంపిన తేదీ, కిట్ తిరిగొచ్చిన తేదీ, ఫలితం, కొలనోస్కోపీ పూర్తయిన తేదీ. పాజిటివ్ అని రాసి ఉన్న వరసలో చివరి గడి ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో ప్రతి వారం ఒకరు చూడాలి. ఆ ఒకరు ఎవరో మొదటి కిట్ పోస్టులో పడకముందే నిర్ణయించండి.